కడిగి వాడుకునే ఫిల్టరు

మొన్న విజయనగరంలో నా బండికి ఎయిర్ ఫిల్టరు మార్చాల్సి వచ్చి విడిభాగాల కొట్టుకి వెళ్లాను. కొట్టాయన బల్ల మీద రెండు డబ్బాలు పెట్టి, "ఇది మామూలు కాయితందండి, ఇది కడిగి వాడుకునేది. ఏది ఇమ్మంటారు?" అన్నాడు. నా వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. అంత చిన్న ప్రశ్నకి, అరవైకి దగ్గరపడిన ఈ మనిషి అంతసేపు ఏం ఆలోచిస్తున్నాడో వాళ్లకి అంతుబట్టినట్టు లేదు. మామూలుదే తీసుకుని బయటికొచ్చాను. వచ్చానే గానీ, చాలాసేపు బండి తియ్యబుద్ధి కాలేదు.

రెండువేల పదిహేను ప్రాంతంలో నేను శ్రీకాకుళంలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. మా అక్కని కళింగపట్నం పక్కనే ఒక ఊళ్లో ఇచ్చారు. మా బావది చేపల వ్యాపారం. పొద్దున్నే పడవలు ఒడ్డుకి చేరేసరికి అక్కడుండి, సరుకు చూసుకుని, ఐసు పెట్టెలో సర్ది, బండి వెనక కట్టుకుని నరసన్నపేట బజారుకి వెళ్లేవాడు. ఉప్పుగాలికి ఆ బండి ట్యాంకు మీద రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. బండి కంటే ముందు దాని వాసన వచ్చేది. వాళ్ల వీధిలో పిల్లులన్నీ ఆ ఇంజను చప్పుడు గుర్తుపట్టి గోడలు దిగేవి. ఇంట్లో అందరికంటే ఎక్కువగా బావ కోసం ఎదురుచూసేవి అవేనని అక్క అనేది.

ఆ అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఊళ్లలో ఆ జబ్బు కొత్తదేం కాదు, మన ఇంటికి రానంతవరకే ఎరగనట్టు ఉంటాం. వారానికి రెండుసార్లు శ్రీకాకుళం తీసుకొచ్చి రక్తం శుద్ధి చేయించాలి. ఆ రెండు రోజులూ బావ చేపలకి వెళ్లేవాడు కాదు. బండిని సబ్బుతో తోమి, సీటు మీద పాత దుప్పటి మడతపెట్టి, అక్కని కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఆమె నీరసానికి తూలిపోతుందని ఒక తువ్వాలుతో ఆమె నడుమునీ తన నడుమునీ కలిపి కట్టుకునేవాడు. "సూడరా తమ్ముడూ, మీ బావ నన్నూ సేపల పెట్టి నాగే కట్టీసినాడు," అని అక్క నవ్వేది. ఆ నవ్వుకి ఆయాసం వచ్చి, మళ్లీ కాసేపు మాట్లాడలేకపోయేది.

ఒక వేసవిలో ఆ బండి లాగడం మానేసింది. మెకానిక్కు ఫిల్టరు తీసి చూపించాడు. కాగితం మడతల నిండా ఇసుక, ధాన్యపు దుమ్ము. అలాంటిదే కొత్తది వేస్తే సరిపోతుందన్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నేను అప్పుడే కొత్త ఫోను కొని, అందులో వీడియోలు చూసి లోకంలో తెలియనిది లేదన్నంత ధీమాగా ఉన్న రోజులవి. ఎర్రటి గుడ్డతో, పైన జాలీతో, గరాటు ఆకారంలో ఉండే ఫిల్టరొకటి చూశాను. బండి గుర్రంలా లాగుతుందట, జీవితాంతం కడిగి వాడుకోవచ్చట. అక్కని మోసే బండి కదా అని ఎక్కడినుంచో తెప్పించాను. మెకానిక్కు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మాస్టారూ, ఇది ఎయ్యాలంటే ఫిల్టరు సుట్టూ ఉన్న పెట్టి తీసీయాల. పెట్టి తీసీసినాక ఇసక్కి అడ్డేటుంటాదండి? మన రోడ్లకి కాయితందే నయం," అన్నాడు. బావ ఒకసారి అతని వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "సదువుకున్నోడు సెప్పినాడు కదా, అదే ఎయ్యి," అన్నాడు.

డబ్బాలో ఇంగ్లీషులో ఒక కాగితం ఉంది. ఆ చుట్టుపక్కల అది చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చదువుదాంలే అని జేబులో పెట్టుకున్నాను.

తమ్ముడు బండికి ఎర్ర ఫిల్టరు తెచ్చాడని అక్క ఊరంతా చెప్పుకుంది. బిందె ఎత్తకూడదు, ఎండలో నిలబడకూడదు అని డాక్టర్లు ఒక్కొక్క పనే ఆమె చేతిలోంచి తీసేస్తున్న కాలం. మిగిలిన ఓపికతో ఈ పని పెట్టుకుంది. ఆదివారం ఆదివారం బావ చేత ఫిల్టరు విప్పించి, సబ్బునీళ్లలో మెత్తగా పిసికి, గడపలో కూర్చుని ఆరబెట్టేది. నేను వెళ్తే తెచ్చి చూపించేది. "ఎలగున్నాది? కొత్తదాని నాగ నేదూ?" అనేది. నిజంగానే కొత్తదానిలా ఉండేది. చాలా బాగా చూస్తున్నావని మెచ్చుకున్నాను కూడా.

నాలుగు నెలలు గడిచాయి. ఒక శుక్రవారం నేను తరగతిలో ఉండగా బావ ఫోను చేశాడు. "ఒరే, గార దాటినాక బండి ఆగిపోనాది. గంట నుంచి తంతన్నాను, అంటుకోడం నేదు. బేగి ఆటో అట్టుకుని రా. మీ అక్కకి ఎగఊపిరొస్తన్నాది." నేను వెళ్లేసరికి అక్క రోడ్డు పక్కన టీ కొట్టు బల్ల మీద గోడకి జారగిలబడి ఉంది. కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు. బావ ఆ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆసుపత్రికి చేరేటప్పటికి రెండు గంటలు ఆలస్యమైంది. ఆమె వంతు ఇంకొకరికి ఇచ్చేశారు. మర్నాడు ఉదయం మళ్లీ మంచం దొరికేదాకా అక్క పడుకోలేక, కూర్చోలేక పడిన అవస్థ నేను రాయలేను.

ఆ వారంలోనే బండి విప్పారు. ఫిల్టరు తగిలించే గొట్టంలో మెకానిక్కు వేలు పెట్టి తీస్తే వేలికి సన్నటి ఇసుక అంటుకుని వచ్చింది. "కడిగినాక దీనికి నూనె పట్టించాలండి, అదే ఇసక ఆపుతాది. ఉత్తినే ఏసీసినారు. లోపలంతా గీరీసినాది," అన్నాడు. బావ తన తువ్వాలు అంచుతో అతని వేలు తుడిచేశాడు. "సముద్రపు గాలి కదా, దానికేటి అడ్డు," అన్నాడు. నా ముఖం చూడలేదు. ఇంటికి వెళ్లి పాత చొక్కా జేబులో వెతికాను. నూనె సంగతి ఆ కాగితం రెండో పేజీలోనే ఉంది, పెద్ద అక్షరాల్లో.

అక్క మరో పదకొండు నెలలు బతికింది. బండి బాగయినా దాని మీద ఎక్కడానికి భయపడి బస్సులో వచ్చేది. బస్సు ప్రయాణానికి ఒళ్లు హూనమై కొన్ని వారాలు రానంది. ఆ రెండు గంటలకీ ఆమె పోవడానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. నేను మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అదే చెప్పాడు.

దినకర్మలు అయిపోయాక, ఒక సాయంత్రం ఇసుకలో కూర్చున్నప్పుడు బావతో ఆ కాగితం సంగతి చెప్పేశాను. ఆయన అలల వైపు చూస్తూనే అన్నాడు.

"నాకా దినవే తెలిసిందిరా. నువ్వా కాయితం సదవనేదనీ తెలిసింది. మీ అక్కకే సెప్పనేదు."

"ఎందుకు బావా?"

"ఏటని సెప్పనురా? కడిగింది తనే గదా. తన సేత్తోనే ఆరబెట్టినాది. ఇంజను పాతదైపోనాదన్నాను. తమ్ముడిచ్చిన వస్తువు గట్టిదే, మీ బండే బాగోనేదు అని నన్ను తిట్టినాది కూడాను." ఆ మాట అంటూ నవ్వబోయి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా ఆ ప్రసక్తి రాలేదు. ఆయన ఇప్పటికీ చేపలకి వెళ్తున్నాడు, నేను రిటైరుమెంటుకి దగ్గరపడ్డాను. అక్క గొంతు ఎలా ఉండేదో కూడా ఈమధ్య సరిగా గుర్తు రావడం లేదు. ఇన్నేళ్ల కాలం ఎన్నిటినో నాలోంచి తుడుచుకుపోయింది గానీ, ఆ రెండు గంటల్లో ఒక్క నిమిషాన్ని కూడా తగ్గించలేదు.