మా షాపు శ్రుతి

గిటారు వాయించేవాడికి థియరీ కావాలా, చెవి చాలదా అని నన్ను అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అడిగిన ప్రతిసారీ కూర్చున్నచోట నా కాళ్ళు ఆగవు. ఒకప్పుడు దీనికి నా దగ్గర ఠక్కున జవాబుండేది. చెవి చాలు, థియరీ అనేది చెవి లేనివాళ్ళు పట్టుకునే చేతికర్ర అనేవాణ్ణి. ఆ పొగరు నాకు మా నాయనను చూసి వచ్చింది.

హిందూపురం బస్టాండు వెనక సందులో నాయనకు రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసే షాపు ఉండేది. మేము ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లింలం. మా తాత పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించేవాడు. నాయనకు సన్నాయి అబ్బలేదు గానీ చెవి అబ్బింది. ఆయనకు మీటరు లేదు, డిప్లొమా లేదు. టేపు రికార్డరు ఆన్ చేసి చెవి దగ్గర పెట్టుకుని, "బెల్టు సాగిండాది" అనో, "హెడ్డు అరిగిపోయింది" అనో చెప్పేసేవాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది.

టేపు రికార్డరు మోటారు వెనక చిన్న రంధ్రం ఉంటుంది. అందులో సన్న స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే టేపు వేగం మారుతుంది. వేగం పెరిగితే పాట శ్రుతి ఎక్కుతుంది, తగ్గితే దిగుతుంది. నాయన దాన్ని కూడా చెవితోనే సరిచేసేవాడు. తనకు బాగా తెలిసిన పాత క్యాసెట్టు పెట్టి, కళ్ళు మూసుకుని కొంచెం కొంచెంగా తిప్పి, "ఆ, ఇప్పుడు పాట కూర్చునింది" అనేవాడు. స్క్రూ కదలకుండా దాని మీద ఒక చుక్క ఎర్ర గోళ్ళరంగు పెట్టేవాడు. మీటర్లున్న కొత్త షాపు మెయిన్ రోడ్డు మీద తెరిచినా జనం మా సందు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. "ఆయప్ప చెవి పెట్టినాడంటే ఇంక చూడపన్లేదు" అనేవాళ్ళు. ఆ పేరు మీదే మా ఇల్లు నడిచింది.

తొంభైల చివర్లో, డిగ్రీ సగంలో వదిలేసి కాలు కాలిన పిల్లిలా ఊరంతా తిరుగుతున్న రోజుల్లో నా చేతికి ఒక పాత గిటారు వచ్చింది. బెంగళూరు పోతూ ఒక స్నేహితుడు అమ్మేసిపోయాడు. నేర్పేవాళ్ళు లేరు. షాపులో రోజంతా పాటలు మోగుతూనే ఉండేవి కాబట్టి వాటితోనే నేర్చుకున్నాను. టేపు పెట్టడం, దానికి సరిపోయేదాకా తీగలు బిగించడం, దాని వెంట వాయించడం. ఏడాది తిరిగేసరికి ఏ పాటైనా రెండోసారి వినేలోపు వాయించేవాణ్ణి. ఒకరోజు నాయన సోల్డరింగ్ ఆపి విని, "తాత చెవి రా నీది" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం నాకు తెలిసి అదే మొదలు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేకపోయాను.

ధర్మవరంలో ఒక ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్ళిళ్ళకు, వినాయక చవితి పందిళ్ళకు మా చుట్టుపక్కల వాళ్ళదే పేరు. వాళ్ళ గిటారిస్టు వెళ్ళిపోయాడని తెలిసినప్పటి నుంచి నాకు నిలకడ లేదు. ఆ కుర్చీ నాకు కావాలి. కాకపోతే ఆ ఆర్కెస్ట్రా నడిపే కీబోర్డు మాస్టారు ఊరికే పాట వాయిస్తే ఒప్పుకోడు, స్కేళ్ళు, అంటే స్వరాల వరసలు అడుగుతాడు అన్నారు. పెనుకొండలో చర్చిలో గిటారు వాయించే రిటైర్డ్ రైల్వే గార్డు ఒకాయన నేర్పుతాడని విని, ఒక ఆదివారం ప్యాసింజరెక్కి పోయాను.

ఆయన నా గిటారు అందుకుని ఒక్కసారి మీటి మొహం చిట్లించాడు.

"ఏమబ్బా, ఎవరు శ్రుతి చేసినారు దీన్ని?"

"నేనే సార్."

"దేంతో?"

"చెవితో."

ఆయన బీరువాలోంచి రెండు కొమ్ముల చిన్న ఇనుప కడ్డీ తీశాడు. ట్యూనింగ్ ఫోర్కు. దాన్ని మోకాలి మీద కొట్టి గిటారు చెక్కకు ఆనించాడు. సన్నగా, వణకకుండా ఒకే స్వరం వచ్చింది. నా తీగ దానికంటే బాగా కింద ఉంది.

"అర స్వరం కన్నా ఎక్కువే దిగిండాది" అన్నాడు.

"లేదు సార్. టేపులో పాటలన్నీ దీంట్లోనే సరిపోతాండాయి. నేను పెట్టి చూస్తిని."

"అయితే మీ టేపే దిగిండాది."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. మా టేపు దిగిందంటే నాయన చెవి దిగిందని. ఈ ముసలాయన ఇనుప ముక్క ఎక్కువా, ఊరంతా నమ్మిన చెవి ఎక్కువా అనుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అయినా ప్రతి ఆదివారం పోయాను, ఆ కుర్చీ మీద ఆశ అట్లాంటిది. ఆయన స్వరాల మధ్య దూరాలు లెక్కపెట్టమనేవాడు, కలిపి మీటే స్వరాల గుంపును కార్డు అంటారు, ఏ కార్డు ఏ స్కేలుకు చుట్టమో రాయమనేవాడు. నేను నోట్‌బుక్ మూలలు చింపుతూ కూర్చునేవాణ్ణి. పాటలో దుఃఖముంటే వేళ్ళకు తెలియదా, దానికి లెక్క దేనికి అని వాదించేవాణ్ణి. ఆయన నవ్వి, "దుఃఖం నీకు తెలుస్తుంది లేప్పా. పక్కన వాయించేవాడికి ఎట్ల చెప్తావు?" అనేవాడు. ఆయన ఎదుట తీగలు ఫోర్కుకు సరిపోయేలా బిగించి, ఇంటికొచ్చాక మళ్ళీ మా టేపుకు సరిపోయేలా వదులు చేసేవాణ్ణి. నాలుగు నెలలు అట్లా రెండు శ్రుతుల మధ్య తిరిగాను. ఏదీ ఒంటబట్టలేదు.

ధర్మవరంలో ఆర్కెస్ట్రా సాధన ఒక పట్టు చీరల దుకాణం మీది గదిలో. వెనక వీధి మగ్గాల చప్పుడు పైదాకా వినిపిస్తూ ఉండేది. నన్ను పరీక్షించే రోజు మెట్లెక్కే ముందే గిటారు శ్రుతి చేసుకున్నాను. కంగారులో నా చెవికి తెలిసిన శ్రుతికే చేసుకున్నాను, అంటే మా షాపు శ్రుతికి. కీబోర్డు మాస్టారు మొదటి కార్డు పట్టగానే నేనూ పట్టాను. గదిలో ఉన్న అందరూ ఒకేసారి తలెత్తారు. గచ్చు మీద రేకు ఈడ్చినట్టుంది. గబగబా తీగలు బిగించబోతే ఒకటి తెగింది. మిగతా ఐదింటిని కీబోర్డుకు సరిచేసుకుని వాయించాను, ఆ పాట బాగానే వచ్చింది. అప్పుడు పాడే అమ్మాయి, "సార్, నాకు గొంతు పట్టేసింది, అర స్వరం దించండి" అంది. మాస్టారు వేళ్ళు జరిగిపోయాయి. నావి జరగలేదు. పాట ఎక్కడికి దిగిందో నా చెవికి తెలుసు, అక్కడికి దారి తెలియదు. ప్రతి కార్డూ వెతుక్కుని పట్టేసరికి పాట ముందుకు పోయేది.

"చెవి బాగుండాదప్పా నీకు" అన్నాడు మాస్టారు, చెడ్డగా కాదు. "స్కేళ్ళు నేర్చుకుని వచ్చే ఏడాది రా."

వచ్చే ఏడాది అనేసరికి నాకు కన్నీళ్ళొచ్చాయి. తిరుగు రైల్లో కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడ్డాను. నాలుగు నెలలు పెనుకొండ సారు మొత్తుకుంటున్నా వినంది నేను. కానీ కోపం మాత్రం నాయన మీదికి పోయింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అదే. ఆయన చెవి నన్ను ముంచిందనుకున్నాను.

తర్వాతి ఆదివారం సారు దగ్గర ఫోర్కు అరువు తెచ్చుకున్నాను. మా షాపు క్యాసెట్టులో ఒక పాట మొదట వచ్చే పొడుగు స్వరం ఫోర్కు స్వరమేనని ఆయనే చెప్పాడు. నాయన మధ్యాహ్నం నమాజుకు మసీదుకు పోయినప్పుడు, బాగుచేసి అరల్లో పెట్టిన టేపు రికార్డర్లు తీసి, ఎర్ర చుక్క గీకేసి, ఫోర్కు పక్కన పెట్టుకుని వేగం సరిచేసేవాణ్ణి. ప్రతిదీ నెమ్మదిగానే తిరుగుతోంది. అంటే ఊరిలో సగం ఇళ్ళలో పాటలు దిగిన శ్రుతిలో మోగుతున్నాయన్నమాట. నాకు నవ్వొచ్చింది, సిగ్గు కూడా వేసింది. నాయనకు చెబితే ఆయన ఏమవుతాడో తెలియదు. చెప్పకపోతే మెయిన్ రోడ్డు షాపువాడు ఏదో ఒకరోజు నలుగురిలో చెబుతాడు. ఈ రెండు భయాల మధ్య నేను స్క్రూలు తిప్పుతూ పోయాను.

రెండు వేల ఒకటో, రెండో. ధర్మవరం నేతగాడు ఒకాయన పట్టు నూలు కోసం నెలకొకసారి హిందూపురం వచ్చేవాడు. ఒకసారి వచ్చినప్పుడు బెల్టు తెగిన తన టేపు రికార్డరు ఇచ్చి, బాగుచేయించుకుని పోయాడు. అది కూడా నేను తిప్పినదే. వారం తిరక్కముందే దాన్ని తువ్వాలలో చుట్టుకుని మళ్ళీ వచ్చాడు.

"ఏమప్పా, ఇంత తొందరగా వస్తివే, నూలు అయిపోయిందా?" అన్నాడు నాయన.

"నూలుకు కాదన్నా, దీనికోసమే వస్తి. మా అమ్మ గొంతు చెడిపోయింది."

ఆయన తల్లి చనిపోయి రెండేళ్ళు. బతికుండగా మగ్గం దగ్గర ఆమె మాట్లాడుతుంటే, పాడుకుంటుంటే ఈ టేపు రికార్డరులోనే ఒక క్యాసెట్టు రికార్డు చేసుకున్నాడు. ఆ టేపు రికార్డరును అంతకుముందు నాయన దగ్గరే సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ఇప్పుడు క్యాసెట్టు పెట్టాడు. సన్నటి గొంతు, గబగబా మాటలు.

"మా యమ్మ ఇట్ల తొందరపడేది కాదన్నా" అన్నాడు. "నిదానస్తురాలు. ఇది ఎవురో చిన్నపిల్ల మాట్లాడినట్టుండాది."

నాయన పెట్టిన దిగుడు వేగంలోనే ఆ గొంతు రికార్డయింది. ఆ వేగంలో తిప్పితేనే ఆమె ఆమెలాగా వినిపిస్తుంది. ఫోర్కు ప్రకారం నేను చేసింది సరైనదే. ఆ సరైనదే వాళ్ళమ్మను పాడుచేసింది.

నాయన మూత విప్పి మోటారు చూశాడు. ఎర్ర చుక్క లేదు. ఆయన తలెత్తి నా వైపు ఒక్కసారి చూశాడు. స్క్రూడ్రైవరు తీసుకుని, "కండ్లు మూసుకోప్పా" అన్నాడు నేతగాడితో. "నేను తిప్పుతాంటా. అమ్మ వచ్చినప్పుడు చెప్పు."

కొంచెం తిప్పాడు. "కాదన్నా." ఇంకొంచెం. "దగ్గరికొచ్చినాది." నాయన కూడా కళ్ళు మూసుకున్నాడు. వేలు కదిలిందో లేదో కూడా కనిపించలేదు. టేపులో ముసలామె నెమ్మదిగా, గొంతు నిండుగా, "నూలు కండె అయిపోయిండాది చూడప్పా, మగ్గం ఆపు" అంది.

"ఆడ ఆపన్నా" అన్నాడు నేతగాడు. కళ్ళు తెరవలేదు. ఆ టేపు అయిపోయేదాకా మేము ముగ్గురం అట్లాగే ఉన్నాం.

ఆయన పోయాక నాయన చేయి చాపాడు. "దాన్ని ఇట్లియ్యి. సొరుగులో దాస్తాండావే, ఆ ఇనుప ముక్క."

ఇచ్చాను. బల్ల మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ కొట్టి, మళ్ళీ విన్నాడు.

"మనం ఎంత కిందుండాం?"

"అర స్వరం కన్నా ఎక్కువే నాయనా."

"ఎన్నేండ్ల నుంచి?"

నాకు తెలియదన్నాను. తప్పయింది నాయనా అని కూడా అన్నాను. ఆయన బల్ల మీద ఉన్న స్క్రూలన్నీ ఏరాడు. తర్వాత స్క్రూడ్రైవరు నా వైపు తోసి అన్నాడు:

"ఇంక పాటలన్నీ నువ్వే తిప్పు. ఎవురన్నా సచ్చిపోయినోళ్ళ గొంతు తెస్తే మాత్రం నన్ను పిలువు."