కిటికీ పక్కన షీల్డు

మాది శ్రీకాకుళం వైపు. పోయిన వేసవిలో చిలకలూరిపేటలో దర్శి బస్సెక్కాను. జనం నిలబడే ఉన్నారు, కానీ ఒక కిటికీ పక్క సీట్లో మాత్రం తువ్వాలు కప్పిన కబడ్డీ షీల్డు కూర్చుని ఉంది. దాన్ని పైన పెట్టమన్నాను, కాస్త విసుగ్గానే. పక్కనున్న మనిషి లేచి తన సీటు నాకిచ్చాడు గానీ షీల్డును కదపలేదు.

"మీరు కూర్చోండి. అది మావాడి చోటండి," అన్నాడు.

ఆయన ఆ దగ్గర్లోని ఒక ఊరి జట్టుకు కెప్టెన్. అంతకుముందు ఏడాది ఏడుగురూ కలిసి గెలిచిన షీల్డు అది. గెలిచిన కొన్నాళ్లకే, వానొస్తోందని కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పుతుండగా పిడుగు పడి వాళ్లలో ప్రభుదాసు పోయాడు. ఆ తర్వాత ఏడాదంతా ఆరుగురే ఆడారట.

"ఏ ఊరెళ్లినా నిరుటి చాంపియన్లొచ్చారని జనం విరగబడేవాళ్లండి. ఆరుగురిని చూసి నవ్వేవాళ్లు. అన్నిచోట్లా ఓడిపోయాం."

"ఇంకొకర్ని తీసుకోవచ్చుగా?"

"షీల్డు మా ఊళ్లో ఉన్నన్నాళ్లూ వాడు జట్టులో ఉన్నట్టేనండి. వాడి చోట్లో ఇంకోణ్ణి ఎట్టా దింపుతాం?"

మా ఊళ్లో అయితే పోయినవాడి పేరు చెప్పి మరీ గెలిచి రమ్మనేవాళ్లు.

అద్దంకిలో ఆ ఏడు గెలిచినవాళ్లకు ఆయన షీల్డు అప్పగించాలి. ఆ ఊరు రాగానే దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

"ఇంక కిటికీ పక్కకి జరగండి," అన్నాడు.

బస్సు కదిలింది. నేను జరగలేదు. నిలబడ్డవాళ్లెవరూ నన్ను జరగమనలేదు.