సముద్రం మీద పడబోయిన నింద

దీపస్తంభం కాపరి గ్రీముర్‌ది ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకటే మంగళవారం నోము: ఊపిరి బిగపట్టడం. స్తంభం వెనకాల గుండెనిండా గాలి పీల్చుకుని, నోరు మూసుకుని, ఎదురుగాలిలో కొండ అంచుదాకా నడుస్తాడు. సముద్రం మీంచి వచ్చే గాలిని గాజుబుడ్డిలో పట్టి, బిరడా బిగించి వెనక్కి వచ్చాకే ఊపిరి వదలాలి. మనిషి వదిలే బొగ్గుపులుసు వాయువు పిసరంత కలిసినా బుడ్డి మైలపడుతుంది.

కింద పడవలో భార్య సిగ్నీ సముద్రపు నీళ్ళు సీసాలో పడుతుంది. రెండూ రాజధానికి వెళ్తాయి. ఆ వాయువుని సముద్రం తాగుతోందో, కక్కుతోందో అక్కడ లెక్కతేలుస్తారు. ఇక్కడి సముద్రం తాగుతుంది. ఎవరి పొయ్యి పొగ, ఎవరి కారు పొగ అని అడగకుండా తాగుతుంది. అది తలుచుకుంటే గ్రీముర్‌కి ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఈ శీతాకాలం తుఫానులకి సిగ్నీ పడవ నెలరోజులుగా కదల్లేదు. గాలి బుడ్డీలు మాత్రమే వెళ్ళాయి. భార్యాభర్తలు ఎండుచేపకి వెన్న రాసుకుని తింటుండగా ఫోను మోగింది. పరిశోధనశాల పిల్ల హ్రెప్నా. చిన్నా పెద్దా అందరినీ పేరు పెట్టి పిలిచే దేశం అది.

"గ్రీముర్, మూడు వారాలుగా నీ బుడ్డీల్లో ఆ వాయువు లెక్క పెరిగిపోతోంది. దగ్గర్లో ఏ బండైనా ఆగిందా?"

"ఈ గాలికి గొర్రెలే నిలబడవు, బండ్లెక్కడివి?"

"అయితే సముద్రమే. తాగడం తగ్గించినట్టుంది. అలాగే రాసేస్తున్నా."

గ్రీముర్‌ చేతిలో చేపముక్క పక్కన పెట్టేశాడు. ఈ ఏడు ఊపిరితిత్తులు బలహీనపడ్డాయి. మూడు వారాలూ అంచు దగ్గర, బుడ్డి తెరిచి ఉండగానే, నోరు దానంతటదే తెరుచుకుంది. నిజం చెబితే ఆ పని ఇంకొకరికి పోతుంది. చెప్పకపోతే తన తప్పు సముద్రం నెత్తిన పడుతుంది.

కిటికీలోంచి చూశాడు. అంత సముద్రం, అంత ఆకాశం. అందులో ఒక ముసలాడు వదిలిన గుక్కెడు గాలి ఎక్కడో రాజధానిలో యంత్రానికి దొరికిపోయింది! సిగ్గుపడాల్సిన చోట ఆశ్చర్యంతో అతని కళ్ళు చెమర్చాయి.

"రాయకు హ్రెప్నా. అది సముద్రం కాదు, నేను. అంచుదాకా ఊపిరి ఆగట్లేదు. ఆ మూడూ కొట్టెయ్."

అవతల హ్రెప్నా కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "ముప్పై ఒక్క ఏళ్ళలో నీ వరసలో ఒక్క ఖాళీ లేదు, గ్రీముర్."

"ఇప్పుడు మూడుంటాయి."

ఫోను పెట్టేశాక సిగ్నీ అతన్ని ఎగాదిగా చూసింది. "ఇన్నేళ్ళ కాపురంలో నా దగ్గర ఒక్క తప్పు ఒప్పుకున్న పాపాన పోలేదు. సముద్రానికైతే ఒప్పుకున్నావన్నమాట!"

"దానికి తిరిగి నోరు చేసుకోవడం రాదు కదే."

"ఆ బుడ్డి ఇలా తే. ఇకనించి నేను పడతా. నేను నోరు మూసుకోవడమంటే ఊరంతా వచ్చి చూస్తుంది."

గ్రీముర్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. బుడ్డిని చొక్కాతో తుడిచి తుడిచి, చివరికి ఆమె చేతిలో పెట్టాడు.