పేరు తెగిపోయిన మాత్ర

పోయిన నెల సెలవు ముగించుకుని రియాద్‌లో దిగినప్పుడు కస్టమ్స్ ఆఫీసరు నా పెట్టె తెరిపించాడు. బట్టలకంటే మందుల అట్టపెట్టెలే ఎక్కువున్నాయి అందులో. బీపీకి ఒకటి, గ్యాసుకి ఒకటి, జ్వరానికి ఒకటి, ప్రతిదీ దాని పెట్టెలోనే, లోపలి కాగితం కూడా పారేయకుండా, పైన కడప డాక్టరు రాసిచ్చిన చీటీ పిన్ను కొట్టి. నాలుగు మాత్రల కోసం ఇంత అట్ట మోసుకొచ్చిన మనిషిని చూసి ఆయనకు నవ్వొచ్చింది, పొమ్మని చేయి ఊపాడు. నాకు నవ్వు రాలేదు. ఒకప్పుడు ఇంతకు పదింతల మందులు నా పెట్టెలో ఒక చెప్పుల జత పట్టేంత చోట్లో ఇమిడిపోయేవి. ఆ నేర్పు నాదే, దాని ఫలితమూ నాదే కావాల్సింది. అనుభవించింది మాత్రం ఇంకొకడు.

అప్పుడు మేము రియాద్‌లోనే బతా పేటలో ఒక పాత మేడ ఐదో అంతస్తులో ఆరుగురం ఉండేవాళ్ళం, అందరం కడప జిల్లావాళ్ళమే. సెలవు మీద ఎవరు ఊరికెళ్ళినా పచ్చడి, కారప్పొడితో పాటు మాత్రలు తేవడం ఆ గది ఆనవాయితీ. ఇక్కడ డాక్టరు దగ్గరికెళ్ళాలంటే డ్యూటీ మానాలి, పనిలో పెట్టుకున్న కఫీల్ మొహం మాడ్చుకుంటాడు. పైగా ఇక్కడి మందులు మన ఒంటికి పడవని, మన ఊరి మందులే మంచివని మా అందరికీ ఒక గట్టి నమ్మకం. అవన్నీ ఖర్జూరం బిస్కెట్ల రేకుడబ్బాలో నా మంచం కింద ఉండేవి. నేను ఏసీల కంపెనీలో స్టోర్‌కీపర్‌ని, సర్దడం నా జబ్బు. మాత్రల షీట్లను కత్తెరతో రెండేసి మాత్రల ముక్కలుగా కోసి, అంచులు కత్తిరించి, డబ్బాలో ఇటుకల్లా పేర్చేవాణ్ణి. కోసేటప్పుడు మందు పేరు ఏ ముక్క మీద పోయిందో, ఏ ముక్క మీద మిగిలిందో పట్టించుకునేవాణ్ణి కాదు. గుండ్రటి తెల్లది ఒళ్ళునొప్పులకి, పొడుగు తెల్లది ఒంటేలు మంటకి, అడ్డగీత ఉన్నది జ్వరానికి, అంతా నాకు నోటికే వచ్చు. గదిలో నన్ను డాక్టర్ సాబ్ అనేవాళ్ళు. ఎగతాళికే అనేవాళ్ళు, నేను మాత్రం నిజంగానే పొంగిపోయేవాణ్ణి.

మా తోడల్లుడు, అంటే నా భార్య చెల్లెలి మొగుడు, ఆ గదికి నా మాట మీదే వచ్చాడు. నీళ్ళ ట్యాంకర్ నడిపేవాడు. ఊరందరికీ నీళ్ళు మోసేవాడు తాను మాత్రం నీళ్ళు తాగేవాడు కాదు, దారిలో బండి ఆపడానికి వీలుండదని. ఒక వేసవిలో ఒంటేలుకు పోతే మంటని నా దగ్గరికొచ్చాడు. పొడుగు తెల్ల మాత్రలు లెక్కపెట్టి చేతిలో పెట్టాను. అతను వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"భాయ్, నాకు పెండ్లికి ముందు ఒకసారి ఏదో మాత్ర పడక పెదాలు పొక్కినాయి. ఏం మాత్రో తెలీదు. ఇది అది కాదు కదా?"

"మన ఊరి మందేరా ఇది. ఏం కాదు, మింగు," అన్నాను.

ఎంత ధీమాగా అన్నానో నాకిప్పటికీ గుర్తే. వారం తిరగకుండా మంట తగ్గింది. గదిలో నా పేరు మరింత మోగింది. ఆ తర్వాత నాలుగైదు రోజులకు ఒక శుక్రవారం పొద్దున అతను లేవలేదు. జ్వరం, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, పెదాల మీద పుండ్లు. మెడ మీద ముదురు ఎరుపు మచ్చలు. ఎండలో తిరిగాడు, వేడి చేసిందన్నాడొకడు. మజ్జిగ పట్టించారు. ఇంకొకడు కలోంజీ నూనె, అదే నల్లజీలకర్ర నూనె, తెచ్చి రాశాడు. నేను ఆలోచించి, పాత రోగమే తిరగబెట్టిందని తేల్చాను. డబ్బాలో ఆ పొడుగు మాత్రలు చివరి రెండు మిగిలాయి. ఆ రెండూ మింగించాను. ఖాళీ అయిన మాత్రల రేకు చుట్టి చెత్తబుట్టలో వేశాను.

మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చేసరికి మచ్చలు ఛాతీ మీదికి దిగాయి. చెమటకు తడిసిన బనీను విప్పుదామని భుజం దగ్గర పట్టుకున్నాను. బనీనుతో పాటు చర్మం వచ్చింది. ఉల్లిపొర ఊడినట్టు, ఏ శబ్దమూ లేకుండా వచ్చింది. అతను అరవలేదు కూడా. "ఏమైంది భాయ్? నా కండ్లు తెరుచుకోవడంల్యా," అన్నాడంతే. దుప్పట్లో ఎత్తుకుని ఐదంతస్తులూ దిగి ఆసుపత్రికి పరిగెత్తాం. ఆ రోజు పడిన భయం నేను జన్మలో ఇంకెప్పుడూ పడలేదు.

ఆసుపత్రిలో కాలినవాళ్ళ వార్డులో పెట్టారు. నిప్పు తగలని మనిషిని అక్కడ పెట్టారంటేనే ఎంత ప్రమాదమో నాకు అర్థమైంది. అక్కడి నర్సు కాకినాడ వైపు ఆవిడ, మా మాటలు విని తెలుగులో అడిగింది.

"అన్నయ్యా, ఇది మాత్ర పడక వచ్చింది, ఏం మాత్ర వేశారండీ? పేరు చెప్పండి. ఇప్పుడన్నీ ఆపేశాం గానీ, ఈయన బతికి బయటపడితే జన్మలో మళ్ళీ అది తగలకూడదు. తగిలితే ఇంక మన చేతుల్లో ఉండదు."

టాక్సీ పట్టుకుని గదికి పరిగెత్తాను. చెత్త అప్పటికే కిందికి దిగి బండెక్కిపోయింది. డబ్బా మంచం మీద బోర్లించాను. ఎటు చూసినా నేను నీటుగా కోసిన ముక్కలే. ఒకదాని మీద రెండక్షరాలు, ఒకదాని మీద సగం తేదీ. ఆ పొడుగు మాత్ర ఒక్కటి కూడా లేదు. ఊరికి ఫోన్ చేస్తే నా భార్య, అంగడతను విడిగా ఇచ్చిన వాటిలోదో, పక్కింటావిడ మిగిలాయని ఇచ్చినదో గుర్తులేదంది. ఆసుపత్రికి తిరిగి వెళ్ళి ఆ నర్సు ముందు నిలబడి, తెలియదమ్మా అన్నాను.  ఆవిడ కాగితం మీద మందు పేరు రాసే గడి ఖాళీగా వదిలేసింది.

అతను బతికాడు. కళ్ళల్లో తడి పోయింది, చూపు సగం పోయింది, ట్యాంకర్ పోయింది. ఇక తిరిగి రాకుండా ఎగ్జిట్ కొట్టించుకుని నల్లద్దాలతో విమానమెక్కాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే నేనీపాటికి కాస్త తేలికపడి ఉండేవాణ్ణేమో.

మొన్న సెలవులో వాళ్ళింటికెళ్ళేసరికి అతనికి జ్వరం. డాక్టరు మాత్ర ఇచ్చాడు, అనుమానమున్నవి వదిలేసి రాశానన్నాడట. మా మరదలు గ్లాసు పట్టుకుని పక్కన నిలబడి ఉంది. అతను మాత్రను అరచేతిలో పెట్టుకుని, వేలితో తడిమి, నా వైపు చాచాడు.

"భాయ్, నువ్వే చూసినోడివి. ఇది అది కాదు కదా?"

పొడుగ్గా ఉంది, తెల్లగా ఉంది. అది కాదని అనలేకపోయాను. అతను మాత్ర పక్కన పెట్టి, తడిగుడ్డ నుదుటి మీద వేసుకుని గోడవైపు తిరిగాడు. ఆ పేరు కోసి పారేయడానికి నాకు పట్టింది ఒక్క క్షణం. ఆ క్షణం అతనికి జ్వరం వచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి మొదలవుతోంది.