‘పాచెం’కు తోక

మా ఇంట్లో ప్రెషర్ కుక్కర్ మూడో కూత ఎప్పుడూ రెండో దానికన్నా అర స్వరం కిందికి దిగుతుంది. దీన్ని పట్టించుకునేది ఇంట్లో నేనొక్కణ్ణే. మా ఆవిడను అడిగితే, "అన్నం ఉడికింది కదా, పాట గూడా పాడల్లా?" అంటుంది. న్యాయమే. శ్రుతి తగ్గితే నొచ్చుకునే ఈ చెవి పుట్టుకతో వచ్చింది కాదు. జోజప్ప గారు పెట్టి పోయారు.

ఆయన గోరంట్ల వైపు పల్లెల్లో జపాలు నేర్పే ఉపదేశి. ఆదివారాలు మా ఊరి పెద్ద గుడి కేథడ్రల్‌లో గాయక బృందాన్ని నడిపేవారు. అందులో సగం మంది కూలికి పోయే ఆడవాళ్ళు. చదువు రాదు, అప్పట్లో పూజలో పాడే లాటిన్ అసలే రాదు. ఒకసారి విన్నది మాత్రం మరిచేవారు కాదు. అది నేను బి.ఏ. ముగించిన కొత్త. జిల్లా అంతా వాన కోసం చూస్తుంటే, నేను వానతో పాటు ఉద్యోగం కోసం కూడా చూస్తున్నాను. నా గొంతు గురించి ఆయన అభిప్రాయం మర్యాదగానే ఉండేది: "నీ రాత బాగుంటాదప్పా. నువ్వు రాయి." అలా లాటిన్ పాటలను తెలుగు లిపిలో నోటుబుక్కుకు ఎక్కించి, ఆడవాళ్ళకు చదివి వినిపించే పని నాదైంది.

అరవైలలో, లాటిన్ పూజ పోయి తెలుగు పూజ వస్తుందని తెలిసిన రోజుల్లో, బెంగళూరు నుంచి ఒక ఫాదర్ టేపురికార్డరుతో వచ్చారు. ఉన్నది ఒకటే టేపు చుట్ట. మధ్యాహ్నం బస్సుకు ఆయన వెళ్ళిపోవాలి. జోజప్ప గారు ఇన్నేళ్ళూ నేర్పిన పాట ఇక నిలిస్తే ఆ టేపులోనే నిలవాలి.

నా నోటుబుక్కులోంచి కొత్తగా నేర్చిన మొదటి పాట సగంలోనే ఫాదర్ చెయ్యెత్తారు. శాంతి అని అర్థమొచ్చే ‘పాచెం’ దగ్గర ఆడవాళ్ళందరూ ఎంతో భక్తిగా "పాచెమూ" అని సాగదీశారు.

"లాటిన్‌కు ఈ తోక ఎక్కడిది? ఆడవాళ్ళను బయట కూర్చోబెట్టండి. మగవాళ్ళు చాలు."

తోక నాది. ‘లోకము, పుస్తకము’ అని రాసి మార్కులు తెచ్చుకున్న చెయ్యి, సున్నాతో ఆపాల్సిన ప్రతిచోటా ‘ము’ పెట్టింది. ఆ మాట చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో నేను కిటికీ అద్దాలను శ్రద్ధగా పరిశీలించాను.

జోజప్ప గారు నోటుబుక్కు తిరగేశారు. నా వైపు చూడలేదు. "తప్పు నాది ఫాదర్. నేర్పిందే పాడినారు. పది నిమిషాలియ్యండి. వాళ్ళు లేకుంటే నేను పాడించను" అని, ఆడవాళ్ళ వైపు తిరిగారు.

"అమ్మా, కొర్రలు తూర్పార పట్టేటప్పుడు గాలి మర్లి పొట్టు మొగం మీదికొస్తే ఏం చేస్తారు?"

"నోరు మూస్తామయ్యా" అంది ముందు వరుసలోని ఆరోగ్యమ్మ. "కండ్లు గూడా."

"కండ్లు మీ ఇష్టం. ‘పాచె’ అనంగానే పొట్టొచ్చిందనుకోండి."

ఈసారి అన్ని నోళ్ళూ ఒక్కసారే మూసుకున్నాయి. ఆ మకారం గుడి కప్పు కింద తేనెటీగలా కాసేపు తిరిగింది. ఫాదర్ టేపు ఆపడం మరిచిపోయారు.

ఆ టేపు ఇప్పుడెక్కడుందో తెలియదు. జోజప్ప గారు పోయి చాలా ఏళ్ళయింది. తర్వాత నేను కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ, తరగతి మొత్తం ఒకే తప్పు రాస్తే ముందు నా నోట్సు చూసుకునేవాణ్ణి. ఇప్పటికీ అదే అలవాటు. ఆ రోజు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నోటుబుక్కు నా చేతిలో పెట్టి, ఫాదర్‌ను బస్సెక్కించడానికి వెళ్ళారు. అన్నది ఆరోగ్యమ్మే, గుడి మెట్ల మీద, అందరూ వింటుండగా.

"రాసింది నువ్వే కదప్పా. మమ్మల్ని బయటికి పొమ్మనె కదా ఆ ఫాదరు, అప్పుడు నీ నోట్లో ఏం పొట్టు పడినాది?"