చెవి కొస కత్తిరించిన పిల్లులు

మందుల షాపులో స్పిరిట్ వాసన తగిలితే చాలు, పామిడిలో డాక్టర్ సులోచనమ్మ నడిపిన చిన్న పశువుల క్లినిక్ గుర్తొస్తుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేనక్కడ సహాయకురాలిగా చేరాను. వరుసగా వానలు లేని ఏళ్లవి. సంత మైదానంలో పుట్టిన పిల్లికూనలు గుక్కెడు నీళ్లు దొరక్క చచ్చిపోతుంటే చూడలేక, ఆవిడ వీధి పిల్లులను పట్టించి, ఇక పిల్లలు పుట్టకుండా ఉచితంగా ఆపరేషన్లు చేసేవారు.

ఒకరోజు బూడిదరంగు ఆడపిల్లిని బల్ల మీద పడుకోబెట్టాం. మత్తిచ్చి కడుపు కోసిన డాక్టరమ్మ చేతులు ఆగిపోయాయి. "దీనికి ముందే చేసినారు పాపా. గర్భసంచి లేదు," అన్నారు. బొచ్చు గీసినా కనిపించనంతగా మానిపోయింది పాత గాటు. కుట్లు వేశాం. పిల్లి మాత్రం మత్తులోంచి మళ్లీ లేవలేదు.

సాయంత్రం, బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్మే ఓబుళమ్మ దాన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఏదో ఒకటి చెప్పి పంపేద్దామనిపించింది నాకు. డాక్టరమ్మే బయటికొచ్చారు.

"నీ పిల్లి నా చేతిలోనే చచ్చిపోయిందమ్మా. తెలీక రెండోసారి కోసినా."

ఓబుళమ్మ మెట్టు మీద కూలబడింది. "పోయినేడే అనంతపురం తీసకపోయి చేయించింటి గదమ్మా. నన్నొక మాట అడిగింటే చెప్పిందును." పిల్లిని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

అప్పటినుంచి డాక్టరమ్మ ఆపరేషన్ చేసిన ప్రతి పిల్లికీ, మత్తులో ఉండగానే, ఎడమ చెవి కొస కాస్త కత్తిరించేవారు. దూరం నుంచి చూసినవాళ్లకైనా తెలియాలని. పిల్లిని పట్టేముందు దానికి తిండి పెట్టేవాళ్లెవరో కనుక్కుని అడిగి రమ్మని నన్ను పంపేవారు. ఓబుళమ్మ ఉండే వైపు మాత్రం తాను వెళ్లేవారు కారు. చుట్టు తిరిగి వెనక సందులోంచి నడిచేవారు.

"ఒకసారి పోయి మాట్లాడరాదా అమ్మా," అన్నాను.

"ఏం మొగం పెట్టుకోని పోవల్ల?" అన్నారు.

కొన్నేళ్లకు డాక్టరమ్మ జబ్బుచేసి పోయారు. ఆ కబురు చెప్పడానికి ఓబుళమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె ఇడ్లీ పాత్ర దించి నా పక్కన కూర్చుంది.

"ఇంగొకరయితే పిల్లి యాడికో పోయిందని చెప్పిందురు. ఆయమ్మ నా మొగం చూసి నిజం చెప్పింది. ఎప్పుడన్నా ఈ పక్కకు వస్తాదేమోనని చూస్తాంటి. రాకనే పాయె."

ఆ మాట వినకుండానే డాక్టరమ్మ వెళ్లిపోయారు. ఇప్పటికీ ఎవరితోనైనా ఏదైనా చెడి మాటలు ఆగిపోతే, నేనే ముందు వాళ్ల గడప దగ్గరికి వెళ్తాను. తిడితే తిట్టించుకుని, వాళ్లు మాట్లాడేదాకా కూర్చుంటాను.