గుర్రం మామ్మ తనిఖీ

అమెరికాలోని డులూత్‌లో ఇళ్ల దగ్గర పిల్లల్ని చూసుకునే మా అందరికీ తనిఖీకి వచ్చే ఆర్విల్లా కోస్కి అంటే హడల్. మా లైసెన్సులు ఉండాలన్నా ఊడాలన్నా ఆవిడ చేతిలోనే. పిల్లలకు మాత్రం ఆవిడ గుర్రం మామ్మ. ఎందుకంటే తనిఖీకి వచ్చిన ఇంట్లో ఆవిడ నిలబడదు. గుమ్మంలో మంచు బూట్లు విప్పి, మోకాళ్ల మీదకు దిగి, గదిగదికీ పాకుతుంది. పిల్లలు వీపెక్కుతారు. "నిలబడి చూస్తే పెద్దవాళ్ల ఇల్లే కనిపిస్తుంది" అంటుంది. అలా పాకీ పాకీ ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి.

నిరుడు మా ఇంట్లో కిటికీ తెర లాగే తాడు ఉచ్చులా వేలాడుతూ ఆవిడ కంటబడింది. అందులో పసిపిల్ల మెడ పడితే అరుపు కూడా వినబడదు. "మళ్లీ ఇదే కనిపిస్తే తలుపులు మూసుకోవాల్సిందే, లోర్నా" అని చెప్పి వెళ్లింది. నా బతుకంతా ఆ లైసెన్సు మీదే. ఆ రోజే ఇంట్లో తాళ్లన్నీ కత్తిరించేశాను.

ఈ ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, పిల్లలు నిద్రపోయే వేళకు ఆవిడ మళ్లీ వచ్చింది. బయట సరస్సు మీద మంచు మెత్తగా రాలుతోంది. గదంతా పాలరంగు వెలుతురు. ఆవిడ వంటింట్లో పాకి, నడవాలో పాకి, చివరికి కిటికీ కింద, రెండేళ్ల విన్నీ పక్కనున్న ఖాళీ పరుపు మీద వెల్లకిలా పడుకుంది. విన్నీకి కనిపించేదంతా తనకూ కనిపించాలట. కాసేపటికి గురక మొదలైంది.

తనిఖీకి వచ్చిన మనిషిని తట్టి లేపే ధైర్యం ఎవరికుంటుంది? నాకు లేదు. ఆ గురక, పిల్లల ఊపిరి, మంచు, అన్నీ కలిసి నాకూ కళ్లు బరువెక్కాయి. వెళ్లి విన్నీకి అవతల పక్కన పడుకున్నాను.

కింది నుంచి చూస్తే అది మా ఇల్లు కాదు. బల్ల అడుగున ఎవరో ఊదారంగు చేపలు గీశారు. పైకప్పు మీది బీట నదిలా సాగిపోతోంది. ఎంత హాయిగా ఉందో! ఆ నది వెంట చూపు కిటికీ దాకా వెళ్లింది. తెర వెనక సన్నని తెల్లటి తాడు.

ఉలిక్కిపడి మోచేతి మీద లేచాను. తాడు గోడ మీదుగా దిగి, విన్నీ తల పక్కకు వచ్చి, ఆర్విల్లా గుప్పిట్లోకి వెళ్లింది. గుప్పిట గట్టిగా మూసి ఉంది.

గురక ఆగింది. "కనిపించిందా?" అంది ఆవిడ, కళ్లు తెరవకుండానే.

"కనిపించింది. పోయిన వారం మా ఆయన కొత్త తెర బిగించాడండీ. నేను చూసుకోలేదు."

"నిలబడి చూసుంటావు."

"మీరు నిద్రపోయారనుకున్నా!"

"పోయాన్లే. చెయ్యి మేలుకునే ఉంది."

"చూడగానే చెప్పొచ్చుగా?"

"నేను చెప్తే నన్ను చూసి భయపడతావు, అమ్మాయ్. ఇప్పుడు దాన్ని చూసి భయపడ్డావు. కత్తెర తే."

కత్తెర తెచ్చి తాడు కత్తిరించాను. "మరి లైసెన్సు?"

"ఉన్నదున్నట్టు రాస్తా. తాడు ఉంది. ఇంటావిడే పడుకుని చూసి తీసేసింది. అలా రాస్తే లైసెన్సు ఎక్కడికీ పోదు. ముందు నన్ను లేపు, ఈ మోకాళ్లతో ఇదే ఆఖరి ఇల్లు."

నాకు ఏడుపొచ్చింది. ఆ అలికిడికి విన్నీ కళ్లు తెరిచి, "గుర్రం?" అంది.

"నా పని అయిపోయిందే తల్లీ" అంది ఆర్విల్లా, నా భుజం పట్టుకుని లేస్తూ. "ఇక లోర్నాని ఎక్కు."

నేను మోకాళ్ల మీదకు దిగాను.